షేర్ మార్కెట్ పాఠాన్ని పోటీతో మొదలుపెట్టకండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పదహారు, పదిహేడేళ్ల పిల్లలు ముప్పై మంది, వారానికో క్లాసు చొప్పున ఎనిమిది వారాలు. ఉత్తుత్తి డబ్బు ఇచ్చి, జట్లుగా విడగొట్టి, నిజమైన మార్కెట్ ధరల మీద షేర్లు కొనిపించి, చివర్లో ఎక్కువ లాభం తెచ్చిన జట్టుకి బహుమతి ఇద్దామనుకుంటున్నారు. డైవర్సిఫికేషన్, అంటే డబ్బంతా ఒకేచోట పెట్టకుండా విడదీసి పెట్టడం, ఏ వారంలో చెప్పాలి, ఎలా చెప్తే బుర్రకెక్కుతుంది, ఇంతకీ పిల్లలు సొంత డబ్బుతో మొదలుపెడతామంటే ఏమనాలి అని అడిగారు. పద్నాలుగేళ్లుగా ఇదే పాఠం ఇదే వయసు పిల్లలకి చెప్తున్నాను, అందుకని కాస్త పెద్దగానే రాస్తున్నాను. ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను: ఆ బహుమతి తీసేయండి. ఏడు వారాలు మీరు ఎంత బాగా చెప్పినా ఆ ఒక్క బహుమతి అంతా తుడిచేస్తుంది.

ఎందుకో చూడండి. పది జట్లున్నాయి, ఎనిమిది వారాల్లో అందరికంటే పైన ఉండాలి. తెలివైన జట్టు ఏం చేస్తుంది? డబ్బంతా బాగా ఊగిసలాడే ఒకే ఒక్క షేర్‌లో పెడుతుంది. పైకి పోతే మొదటి స్థానం. కిందకి పోతే చివరి స్థానం, కానీ పోయేది ఉత్తుత్తి డబ్బే కాబట్టి ఆరో స్థానానికీ పదో స్థానానికీ వాళ్లకి తేడా ఏమీ లేదు. ఇరవై కంపెనీల్లో సమానంగా పెట్టిన జట్టు ఎప్పుడూ మధ్యలోనే ఎక్కడో ఉంటుంది, మొదటి స్థానం దానికి దాదాపు రాదు. అంటే మనం చెప్పిన మాట విన్నవాళ్లు ఓడిపోతారు, విననివాళ్లలో అదృష్టం కలిసొచ్చినవాళ్లు చప్పట్లు కొట్టించుకుంటారు. పిల్లలు మన మాట కంటే మనం దేనికి బహుమతి ఇస్తున్నామో దాన్నే నమ్ముతారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

నేను మొదటి మూడేళ్లు సరిగ్గా ఇలాగే చేశాను. మొదటి ఏడాది గెలిచిన జట్టు మొత్తం డబ్బుని ఒక చిన్న కంపెనీలో పెట్టింది, అది రెండు నెలల్లో రెట్టింపుకి దగ్గరగా వెళ్లింది, అందరి ముందు వాళ్లని మెచ్చుకున్నాను. వెనక బెంచీలో కూర్చున్న ఒకమ్మాయి లేచి, "మరి ఒకే దాంట్లో పెట్టొద్దని మీరే చెప్పారు కదా?" అని అడిగింది. ఏదో సర్దిచెప్పాను. రెండేళ్ల తర్వాత ఆ గెలిచిన జట్టులోని అబ్బాయే నా దగ్గరికి వచ్చాడు. పై చదువుకి దాచుకున్న డబ్బంతా ఒక్క కంపెనీలో పెట్టాడు, మూడొంతులు పోయింది. "సార్, క్లాసులో అలాగే కదా గెలిచాం" అన్నాడు. నన్ను నిందించడానికి అనలేదు, నిజంగానే అర్థం కాక అడిగాడు. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ తర్వాతి ఏడాది నుంచి పోటీ మానేసి పాఠాన్ని మొదటి నుంచి మళ్లీ కట్టుకున్నాను. ఇప్పుడు మీకు చెప్పబోయేది అదే.

మొదటి క్లాసులో ధరల జోలికి అసలు వెళ్లకండి. స్క్రీన్ మీద ఎరుపు, ఆకుపచ్చ అంకెలు చూపించగానే పిల్లలకి అది పందెంలాగే కనిపిస్తుంది. షేర్ అంటే ఒక వ్యాపారంలో వాటా అన్న మాట ముందు ఎముకల్లోకి దిగాలి. బోర్డు మీద ఒక కంపెనీ గీయండి, దానికి వంద షేర్లు. ఏడాదికి ఖర్చులన్నీ పోను 500 మిగిలింది, అంటే షేర్‌కి 5. అందులో 200 వాటాదారులకి డివిడెండ్‌గా పంచారు, 300 కొత్త యంత్రం కొనడానికి కంపెనీలోనే ఉంచారు. పది షేర్లున్నవాడి చేతికి 20 వచ్చింది, మిగతా 30 వాడి తరఫున కంపెనీలో పనిచేస్తోంది. ఇప్పుడు అడగండి: ఈ షేర్‌ని మీరు ఎంతకి కొంటారు? ఒకరు 40 అంటారు, ఇంకొకరు 100 అంటారు. 100 అన్నవాళ్లని ఎందుకని అడిగితే, కొత్త యంత్రం వచ్చాక లాభం పెరుగుతుంది కదా అంటారు. అంతే, మార్కెట్ ధర అంటే ఏమిటో వాళ్లంతట వాళ్లే చెప్పేశారు. రేపు ఎంత సంపాదిస్తుందన్న అంచనాల మధ్య కుదిరిన బేరం. లాభం రెండు దారుల్లో వస్తుంది, వ్యాపారం నిజంగా ఎదగడం ఒకటి, అదే వ్యాపారానికి జనం నిన్నటి కంటే ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడటం రెండోది. మొదటిది మెల్లగా వస్తుంది, రెండోది ఎంత వేగంగా వస్తుందో అంత వేగంగా పోతుంది. ఈ తేడా పట్టుకున్న పిల్లలకి తర్వాత సగం పాఠం తేలిక.

చరిత్ర ఇష్టపడే పిల్లలుంటే ఇక్కడ ఒక పది నిమిషాలు ఓడల కథ చెప్పండి. దూర దేశాలకి వెళ్లే ఓడ మునిగిపోతే దానిమీద డబ్బంతా పెట్టినవాడు కూడా మునిగేవాడు, అందుకే అనుభవం ఉన్న వర్తకులు ఒక ఓడంతా తామే కొనకుండా చాలా ఓడల్లో చిన్న చిన్న వాటాలు తీసుకునేవారు. 1602లో డచ్ ఈస్టిండియా కంపెనీ పెట్టినప్పుడు ఒక్కో ప్రయాణానికి కాకుండా మొత్తం కంపెనీకే వాటాలు అమ్మారు, ఆమ్‌స్టర్‌డామ్‌లోనే వెయ్యి మందికి పైగా డబ్బు కట్టారు. డైవర్సిఫికేషన్ అనే పేరు తర్వాత వచ్చిందేమో కానీ ఆ ఆలోచన సముద్రానికి భయపడినవాళ్లది.

రెండో క్లాసు, నా దృష్టిలో ఎనిమిది వారాల్లోనూ ముఖ్యమైనది, పాచికల క్లాసు. పది పాచికలు తీసుకోండి. పది మంది పిల్లల్ని ముందుకి పిలిచి ఒక్కొక్కరిని ఒక్కో కంపెనీకి సొంతదారుని చేయండి, ఒక్కొక్కరి దగ్గర వెయ్యి పాయింట్లు. పాచిక ఒకసారి వేయడం అంటే ఒక ఏడాది గడిచినట్టు. 1 పడితే 40 శాతం నష్టం, 2 పడితే 10 శాతం నష్టం, 3కి 5 శాతం లాభం, 4కి 10, 5కి 25, 6కి 50 శాతం లాభం. కూర్చున్న మిగతా పిల్లలది ఉమ్మడి ఖాతా, వాళ్లకీ వెయ్యే, కానీ అది పది కంపెనీల్లోనూ సమానంగా వందేసి పెట్టారు, ఏడాది చివర్లో వచ్చిన మొత్తాన్ని మళ్లీ పది సమాన భాగాలు చేసి పెడతారు. అలా పదేళ్లు ఆడించండి. ప్రతి ఏడాదీ బోర్డు మీద అందరి అంకెలూ రాయించండి, లెక్కలు పిల్లలే చేయాలి, కాలిక్యులేటర్ ఉన్నా పర్లేదు.

ఈ ఆటలో ఏం జరుగుతుందో మీకు ముందే తెలిసి ఉండాలి. పాచిక సగటు ఏడాదికి దాదాపు 6.7 శాతం లాభం, కాబట్టి ఎవరికైనా ఆశించదగ్గ మొత్తం పదేళ్లకి 1,900 పైచిలుకు. కానీ ఒకే కంపెనీ ఉన్న పిల్లల్ని వరుసలో నిలబెట్టి మధ్యలో ఉన్నవాళ్లని చూస్తే 1,300 దగ్గర ఉంటారు. పదిమందిలో నలుగురు దాకా పదేళ్ల తర్వాత కూడా పెట్టిన వెయ్యి కంటే తక్కువతో మిగులుతారు. ఉమ్మడి ఖాతా మామూలుగా 1,800 చుట్టుపక్కల ఉంటుంది, అది వెయ్యి కంటే కిందకి దిగడం నేను చూసింది లేదు, లెక్క ప్రకారం కూడా చాలా అరుదు. ఇక్కడ పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న: పాచికలు అవే, నియమాలు అవే, మరి ఉమ్మడి ఖాతాకి ఎక్కువెలా వచ్చింది? జవాబు వాళ్ల చేతే చెప్పించండి. 1,000 మీద 6 పడి 50 శాతం వస్తే 1,500, తర్వాత 1 పడి 40 శాతం పోతే 900. లాభం అంకె నష్టం అంకె కంటే పెద్దదే, అయినా చేతిలో తగ్గింది. 50 శాతం పోయిందాన్ని తిరిగి తెచ్చుకోవాలంటే 100 శాతం రావాలి, 80 శాతం పోతే 400 శాతం రావాలి. పెద్ద దెబ్బ తగలకుండా చూసుకోవడమే లాభానికి దారి అన్నది అప్పుడు వాళ్లకి లెక్కలో కనిపిస్తుంది, మన నోటి మాటగా కాదు.

ఇంకో విషయం దాచకండి. పదిమందిలో ముగ్గురో నలుగురో ఉమ్మడి ఖాతాని దాటి పైకి వెళ్లిపోతారు, ఒకరు నాలుగైదు వేలకి కూడా వెళ్లొచ్చు. ఆ పిల్లవాణ్ణి లేపి, "నీ గెలుపు రహస్యం ఏంటి?" అని అడగండి. పాచిక వేయడంలో రహస్యం ఏమీ లేదని వాడికీ తెలుసు, క్లాసుకీ తెలుసు. తర్వాత అసలు మార్కెట్లో ఒకే షేర్‌తో బాగా సంపాదించినవాడి కథ విన్నప్పుడు ఈ పాచికలవాడు వాళ్లకి గుర్తొస్తాడు. అసలు కంపెనీలు పాచికలు కావు, వాటిని చదివి అర్థం చేసుకునే నేర్పు ఉన్నవాళ్లు ఉన్నారు, ఆ మాట కూడా నిజాయితీగా చెప్పాలి. కానీ ఎనిమిది వారాల ఫలితం చూసి నేర్పేదో అదృష్టమేదో విడదీయడం ఎవరి వల్లా కాదు.

మూడో క్లాసులో అదే ఆట, రెండు మార్పులతో. మొదటి మార్పు, టీచర్ చేతిలో ఒక పెద్ద పాచిక. ప్రతి ఏడాదీ మీరు దాన్ని వేస్తారు, 1 పడితే ఆ ఏడాది అందరికీ అదనంగా 30 శాతం నష్టం, ఉమ్మడి ఖాతాతో సహా. పిల్లలు గోల పెడతారు. పెట్టనివ్వండి. పది కంపెనీల్లో విడదీసినా ఈ దెబ్బ తప్పలేదు, ఎందుకంటే ఇది ఒక కంపెనీకి తగిలిన దెబ్బ కాదు, మొత్తానికి తగిలింది. అమెరికాలో ఎస్ అండ్ పీ 500 సూచీ 2007 అక్టోబర్ నుంచి 2009 మార్చి దాకా దాదాపు 57 శాతం పడింది, అది 500 కంపెనీల షేర్ల ధరలని కలిపి ఒకే అంకెగా చూపించే సూచీ, అంతకంటే ఎంత విడదీస్తాం? డైవర్సిఫికేషన్ ఉంటే నష్టమే రాదని చెప్పే టీచర్లని చూశాను, ఆ మాట విన్న పిల్లలు మొదటి పతనంలోనే మనం అబద్ధం చెప్పామనుకుని అన్నీ అమ్మేసి వెళ్లిపోతారు. ఒక కంపెనీ మునిగినా మనం మునగకుండా అది కాపాడుతుంది. వాన అందరి మీదా పడే రోజుకి వేరే ఏర్పాటు కావాలి: దగ్గర్లో అవసరమయ్యే డబ్బు అసలు షేర్లలో ఉండకపోవడం.

రెండో మార్పు, ఐదు కంపెనీలకి కలిపి ఒకే పాచిక వేయండి. పేరుకి పది కంపెనీలు, నిజానికి ఆరు పాచికలే. ఊగిసలాట మళ్లీ పెరుగుతుంది. నేను పిల్లలతో అనే మాట, పేర్లు లెక్కపెట్టకండి, తాళ్లు లెక్కపెట్టండి. 2020లో విమాన కంపెనీ, హోటల్ కంపెనీ, పర్యాటక నౌకల కంపెనీ, విమానాల ఇంజన్లు తయారుచేసే కంపెనీ, నాలుగు వేర్వేరు వ్యాపారాలే, కానీ జనం ప్రయాణాలు మానేయగానే నాలుగూ కలిసి పడ్డాయి, ఎందుకంటే నాలుగింటినీ కట్టిన తాడు ఒకటే. 1952లో హ్యారీ మార్కోవిట్జ్ అనే పాతికేళ్లు కూడా నిండని పరిశోధక విద్యార్థి రాసిన వ్యాసంలో అసలు సంగతి ఇదే: మొత్తం మదుపుకి ఉన్న రిస్క్ ఒక్కో షేర్ ఎంత ఊగుతుందన్న దాని మీదే కాదు, అవి ఒకదానితో ఒకటి ఎంత కలిసి ఊగుతాయన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. దానికే 1990లో నోబెల్ పంచుకున్నాడు. ఫార్ములా పిల్లలకి అక్కర్లేదు, తాడు చాలు.

ఆ వారం ఇంటికి ఒక పని ఇవ్వండి. తమకి తెలిసిన ఆరు కంపెనీల పేర్లు రాసి, వాటిలో ఏ రెండు ఒకే కారణంతో దెబ్బతింటాయో గీతలు గీసి కలపమనండి. ముడిచమురు ధర, వడ్డీ రేట్లు, ఒకే దేశం, ఒకే కొనుగోలుదారు, ఒకే చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీ. ఒక్కోసారి పిల్లలు గీసిన గీతలు చూసి నేనే నేర్చుకున్నాను.

ఈ తాడు కథకి నేను తప్పకుండా చెప్పే ఉదాహరణ ఎన్రాన్ అనే అమెరికా ఇంధన కంపెనీ. 2000 ఆగస్టులో ఆ షేర్ 90 డాలర్ల దాకా ఉంది, 2001 డిసెంబర్‌లో కంపెనీ దివాలా తీసింది. అక్కడ పనిచేసినవాళ్ల రిటైర్మెంట్ ఖాతాల్లో సగానికి పైగా డబ్బు ఎన్రాన్ షేర్లలోనే ఉండేది. జీతం, పొదుపు రెండూ ఒకే తాడుకి కట్టారు, అది తెగినప్పుడు రెండూ ఒకేసారి పోయాయి, గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే అలాగ. మనం పనిచేసే కంపెనీ అంటే మనకి బాగా తెలిసిన కంపెనీ అనే నమ్మకం ఎంత బలంగా ఉంటుందో పిల్లలకి ఇప్పుడే తెలియాలి, పదేళ్లలో వాళ్లకీ ఆ పరిస్థితి వస్తుంది.

ఎన్ని కంపెనీలు ఉంటే చాలు అని అడుగుతారు. 1968లో ఎవాన్స్, ఆర్చర్ అనే ఇద్దరు పరిశోధకులు లెక్కగట్టి పది దాటాక రిస్క్ ఇంకా తగ్గేది చాలా తక్కువన్నారు, 1987లో స్టాట్‌మన్ అనే ఇంకో పరిశోధకుడు, కాదు, కనీసం ముప్పై, నలభై కావాలన్నాడు. అంకె మీద పట్టు పట్టకండి. దానికంటే బలమైన కారణం ఒకటుంది, అది చెప్పండి. హెండ్రిక్ బెసెంబైండర్ అనే ఫైనాన్స్ ప్రొఫెసర్ 1926 నుంచి అమెరికా మార్కెట్లోకి వచ్చిన షేర్లన్నీ తీసుకుని చూస్తే, ప్రతి ఏడు షేర్లలో నాలుగు తమ జీవితకాలంలో స్వల్పకాలిక ప్రభుత్వ బిల్లులంత (ప్రభుత్వం కొద్ది కాలానికి తీసుకునే అప్పు పత్రాలంత) లాభం కూడా ఇవ్వలేదు, ఆ బిల్లుల కంటే అదనంగా మార్కెట్ పుట్టించిన మొత్తం సంపద దాదాపు 4 శాతం కంపెనీల నుంచే వచ్చిందని 2018లో రాశాడు. అంటే యాదృచ్ఛికంగా నాలుగైదు షేర్లు ఏరుకుంటే ఆ కొద్ది కంపెనీలు మన చేతికి రాకపోయే అవకాశమే ఎక్కువ. విడదీసి పెట్టడం భయంతో చేసే పని అని పిల్లలు అనుకుంటారు. కాదు, ఏ పుట్టలో ఏ పాముందో తెలియదన్నట్టే ఏ పుట్టలో ఏ నిధి ఉందో కూడా మనకి తెలియదు, గెలిచే ఆ కొద్దింటిని వదులుకోకుండా ఉండటానికి కూడా ఇది దారి. నా అనుభవంలో దూకుడుగా ఉండే పిల్లలకి రిస్క్ గురించి ఎంత చెప్పినా ఎక్కలేదు, ఈ ఒక్క కారణం ఎక్కింది.

ఇక్కడి నుంచి ఇండెక్స్ ఫండ్‌కి, అంటే ఒక సూచీలో ఉన్న కంపెనీలన్నింటినీ కొనే ఫండ్‌కి, వెళ్లడం సహజం. అన్నీ కొనేస్తే పోలా అని ఎవరో ఒకరు అంటారు, అప్పుడు చెప్పండి, 1976లో జాన్ బోగల్ అనే ఆయన వాన్‌గార్డ్ అనే అమెరికా ఫండ్ల కంపెనీలో సామాన్య మదుపరుల కోసం సరిగ్గా అలాంటి ఫండ్ పెట్టాడు, 15 కోట్ల డాలర్లు వస్తాయనుకుంటే కోటీ పదమూడు లక్షలే వచ్చాయి, చాలామంది హేళన చేశారు. ఆ ఫండ్ గొప్పతనం ఖర్చు తక్కువ కావడంలో ఉంది. ఇది బోర్డు మీద లెక్కగా చేయించండి: 1,000 పెట్టి నలభై ఏళ్లు వదిలేస్తే, ఏడాదికి 7 శాతం చొప్పున దాదాపు 14,970 అవుతుంది, అందులో ఫీజు 1 శాతం పోయి 6 శాతమే మిగిలితే దాదాపు 10,290. ఒక్క శాతం ఫీజు మూడోవంతుకి దగ్గరగా తినేసింది. మార్కెట్ ఎటు పోతుందో మన చేతిలో లేదు, ఎంత ఫీజు కడతామన్నది మాత్రం ఉంది. ఫండ్లు ఎక్కువైతే డైవర్సిఫికేషన్ ఎక్కువనే అపోహ కూడా ఇక్కడే తీసేయండి. మూడు ఫండ్ల మొదటి పది కంపెనీల జాబితాలు పక్కపక్కన పెట్టి, కలిసిన పేర్ల చుట్టూ సున్నా చుట్టమనండి, చాలాసార్లు సగం పేర్లు అవే ఉంటాయి.

తర్వాతి వారం పేర్లు చెప్పకుండా మూడు పాత గ్రాఫులు, ఒక్కో ముక్కా బయటపెడుతూ చూపిస్తాను. ప్రతి ముక్క దగ్గరా ఆపి, ఉంచుతారా, అమ్ముతారా, ఇంకా కొంటారా అని చీటీ మీద రాయిస్తాను. మొదటిది 2020: ఎస్ అండ్ పీ 500 ఫిబ్రవరి 19 నుంచి మార్చి 23 లోపు 34 శాతం పడి, ఆగస్టుకల్లా పాత గరిష్ఠానికి వచ్చేసింది. అమ్మినవాళ్లు తల పట్టుకుంటారు. అది చూపించి ఆపేస్తే పడినప్పుడల్లా వెంటనే లేస్తుందనే తప్పుడు ధైర్యం వస్తుంది, అందుకే రెండోది 1929: డౌ జోన్స్ అనే అమెరికా సూచీ 1932 జూలైకల్లా 89 శాతం పడింది, 1929 నాటి ఎత్తుకి మళ్లీ చేరింది 1954లో. మూడోది జపాన్: నిక్కీ సూచీ 1989 డిసెంబర్ 29న 38,915 దగ్గర ముగిసింది, ఆ అంకెని దాటడానికి 2024 ఫిబ్రవరి దాకా పట్టింది. ఒక్క కంపెనీ కాదు, పెద్ద ఆర్థిక వ్యవస్థ ఉన్న ఒక దేశం మొత్తం సూచీ. ఈ గ్రాఫు చివరికి వచ్చేసరికి క్లాసు నిశ్శబ్దమైపోతుంది. అప్పుడు రెండు మాటలు కలపండి. ఆ సూచీల్లో డివిడెండ్లు లెక్కలోకి రావు, అవి కలిపితే పరిస్థితి ఆ గ్రాఫు చూపించినంత ఘోరం కాదు. పైగా డబ్బంతా సరిగ్గా శిఖరం రోజునే పెట్టినవాడి కథ ఇది, ప్రతి నెలా కొంచెం కొంచెం పెడుతూ పోయినవాడు కింది ధరల్లో కూడా కొన్నాడు కాబట్టి వాడి కథ వేరు. కంపెనీల మధ్యే కాదు, దేశాల మధ్య, కాలం మధ్య కూడా విడదీయాలన్నది ఈ మూడో గ్రాఫు చెప్పినంత బాగా నేనెప్పుడూ చెప్పలేకపోయాను.

బాండ్ల గురించి ఒక అరగంట చాలు. షేర్ అంటే వాటా, బాండ్ అంటే అప్పు, అప్పిచ్చినవాడికి ముందు చెల్లించాకే వాటాదారుకి, కాబట్టి సాధారణంగా తక్కువ ఊగుతుంది, తక్కువ పెరుగుతుంది. షేర్లు పడినప్పుడు బాండ్లు ఆదుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి కానీ అది నియమం కాదు, 2022లో వడ్డీ రేట్లు వేగంగా పెరిగినప్పుడు అమెరికాలో రెండూ కలిసి పడ్డాయి. మళ్లీ తాడే.

ఇప్పుడు మార్కుల సంగతి. నిజమైన ధరలతో ఉత్తుత్తి మదుపు నేను ఇప్పటికీ చేయిస్తాను, పిల్లలకి అదంటే ఉత్సాహం, దాన్ని ఎందుకు పోగొట్టుకోవాలి. కాకపోతే ఎవరు ముందున్నారో చూపించే పట్టిక ఉండదు. ఏదైనా కొనేముందు ప్రతి జట్టూ నోటుబుక్కులో నాలుగు సంగతులు రాయాలి: ఈ కంపెనీ డబ్బెలా సంపాదిస్తుంది, ఎందుకు కొంటున్నాం, ఏం జరిగితే మనం పొరబడ్డామని ఒప్పుకుంటాం, ఇది మన దగ్గరున్న వేటితో ఒకే తాడుకి కట్టి ఉంది. చివర్లో లాభం వచ్చినా నష్టం వచ్చినా మార్కులు ఆ నోటుబుక్కుకే. 20 శాతం నష్టపోయి కూడా నూటికి తొంభై తెచ్చుకున్న జట్టు ఉంది, వాళ్లు ముందే రాసుకున్న కారణం సరిగ్గా అలాగే జరిగి, రాసుకున్నట్టే బయటికి వచ్చారు. మీ స్కూల్ పోటీ తప్పనిసరి అంటే, ప్రతి జట్టునీ చివరి వారం తమ ఖాతా ఏ రెండు అంకెల మధ్య ముగుస్తుందో మొదట్లోనే రాయమనండి, సరిగ్గా చెప్పినవాళ్లలో ఆ రెండు అంకెల మధ్య దూరం తక్కువ ఉన్న జట్టుకి బహుమతి ఇవ్వండి. ఒకే షేర్‌లో అంతా పెట్టినవాళ్లకి అలా చెప్పడం కష్టం, విడదీసినవాళ్లకి తేలిక, అప్పుడు బహుమతీ పాఠమూ ఒకే వైపు లాగుతాయి. అయితే డబ్బంతా నగదుగా ఉంచుకుంటే సులువుగా గెలిచేయొచ్చు కాబట్టి కనీసం 80 శాతం షేర్లలో ఉండాలని నియమం పెట్టండి, మా క్లాసులో ఒక జట్టు ఆ కన్నం కనిపెట్టింది.

సొంత డబ్బు విషయం. వయసు, ఖాతా ఎవరి పేరు మీద తెరవాలన్నవి ఎక్కడి నియమాలు అక్కడ ఉంటాయి, అది వాళ్ల ఇంట్లో పెద్దలతో కూర్చుని తేల్చుకోవాల్సింది, టీచర్‌గా మీరు ఒక్క కంపెనీ పేరు కూడా సలహాగా చెప్పకండి. అడిగిన పిల్లలకి నేను చెప్పేది ఇంతే: వచ్చే ఐదేళ్లలో కావలసిన డబ్బు, ఫీజులైనా సరే ఇంకేదైనా సరే, షేర్లలో పెట్టొద్దు. అప్పు చేసి పెట్టొద్దు. ఆప్షన్లు, ఫ్యూచర్ల వైపు, అంటే ముందు ముందు ధర ఎంతుంటుందన్న దాని మీద చేసుకునే ఒప్పందాల వైపు, ఇప్పుడు చూడొద్దు. చాట్ గ్రూపుల్లో ఖాయంగా లాభం వస్తుందని ఎవరైనా అంటే ఆ "ఖాయం" అన్న మాట దగ్గరే ఆగి బయటికి వచ్చేయాలి, షేర్ మార్కెట్లో ఆ మాట నిజాయితీగా అనగలిగినవాళ్లు లేరు. పోగొట్టుకున్నా ఇబ్బంది లేని చిన్న మొత్తం ఉండి, ఇంట్లోవాళ్లు సరే అంటే, మార్కెట్ మొత్తాన్ని కొనే తక్కువ ఖర్చు ఫండ్‌లో నెలనెలా కొంచెం పెట్టి దాన్ని రోజూ చూడకుండా ఉండటం నేర్చుకోమంటాను. నేను ముందు చెప్పిన అబ్బాయి ఇప్పుడు అలాగే చేస్తున్నాడు. ఏడాదికోసారి పాచికల క్లాసుకి వచ్చి నా పక్కన నిలబడి, ఏం జరిగిందో తానే పిల్లలకి చెప్తాడు, నేను పిలవకపోయినా వస్తాడు.

ఒక చిన్న విషయం మిగిలింది. పది పాచికలు దొరక్కపోతే 1 నుంచి 6 దాకా చీటీలు మడిచి డబ్బాలో వేసి తీయించండి, కానీ తీసిన చీటీ ప్రతిసారీ మళ్లీ డబ్బాలో వేయించడం మర్చిపోవద్దు, లేకపోతే నష్టం చీటీ వచ్చేసింది ఇక లాభాలే అని పిల్లలు లెక్కలేస్తారు, మార్కెట్లో అలాంటి హామీ ఏదీ లేదు. పదేళ్ల ఆటకి నలభై నిమిషాలు పడుతుంది, మొదటి రెండేళ్ల లెక్కలు మెల్లగా మీరే బోర్డు మీద చేసి చూపిస్తే తర్వాత వాళ్లే పరిగెత్తిస్తారు. ఆడించాక మీ క్లాసులో వచ్చిన అంకెలు ఇక్కడ రాయండి, చూడాలని ఉంది.